సీటు పట్టిన సంచి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో ఉండేది కాదు. డిగ్రీ అయిపోయి, గద్వాలలో మా బావ విత్తనాల దుకాణంలో కూర్చుని, వచ్చిన ప్రతి రైతుకూ అడగని సలహాలు ఇస్తుండేవాణ్ణి. ఇప్పుడు అడిగినా ఇవ్వడానికి జంకుతాను. ఆ నాకూ ఈ నాకూ మధ్య ఒక జపాన్ రైలు ఉంది.

పత్తి విత్తనాలు బాగా అమ్మిన డీలర్లను ఒక కంపెనీ ఆ ఏడు ఇంటివాళ్లతో సహా ఓడ ప్రయాణానికి పంపింది. "నాకు ఇంగ్లీషు రాదు, మా బామ్మర్ది లేంది నేను కదల" అని బావ పట్టుబట్టి నన్నూ వెంట తీసుకుపోయాడు. అక్కకు ఓడ మీద మోజు లేదు. సోమశిలలో పడవ ఎక్కిన మనిషికి ఎక్కడైనా నీళ్లు నీళ్లే. ఆమె మనసంతా ఓడ జపాన్‌లో ఆగే ఒక్క రోజు మీదే ఉంది. రేవు నుంచి రైల్లో పోతే ఒక పెద్ద ఆటల పార్కు వస్తుంది. అందులో కొండంత ఎత్తుకు ఎక్కి ఒక్కసారిగా కిందికి దూకే బండి ఉందని ఫోన్లో చూసింది మొదలు, "గదొక్కటి ఎక్కియ్యండ్రి, సాలు. మిగిలిందంత మీరే తిరుగుండ్రి" అని ఒకటే మాట. పొద్దున దిగి సాయంత్రానికల్లా మళ్లీ ఓడ ఎక్కాలి. ఓడ ఎవరి కోసమూ ఆగదు.

రేవు దగ్గరి స్టేషనే ఆ లైనులో మొదటిది. బండి తలుపులు తెరుచుకుని ఖాళీగా నిలబడి ఉంది. మాతోపాటు ఓడ దిగిన జనం వరుసగా నిలబడి మెల్లగా ఎక్కుతున్నారు. అక్క, బావ ఇంకా మెట్ల దగ్గరే ఉన్నారు. (కొండ మీంచి దూకే బండికి భయపడని అక్క కదిలే మెట్లకు భయపడింది. ఇదేం చోద్యమని అడిగితే, "దానికి బెల్టు ఉంటదిర, దీనికేముంది" అంది.) జాతర రోజుల్లో నాగర్‌కర్నూల్ బస్టాండులో శ్రీశైలం బస్సు ఎక్కినవాడికి అలాంటప్పుడు ఏం చెయ్యాలో ఒకరు చెప్పనక్కర్లేదు. బస్సు ఇంకా ఆగకముందే జేబులోని దస్తీ తీసి కిటికీలోంచి వేస్తాం. దస్తీ పడ్డ సీటు మనది. ఎంత పెద్ద కొట్లాటైనా చివరికి తీర్పు దస్తీ వైపే. నేను వరుస పక్కనుంచి దూరి, ఒక సీటు మీద దస్తీ, ఇంకోదాని మీద టోపీ, మూడోదాని మీద నేను మోస్తున్న అక్క సంచి పెట్టి, వాళ్లను కేకేద్దామని కిందికి దిగాను. వెనక తలుపులు మూసుకున్నాయి. సీట్లు మూడూ మావే. బండి మాత్రం వెళ్లిపోయింది.

"సంచేదిర?" అంది అక్క.

"రైల్ల ఉంది."

"రైలేది?"

పార్కు టికెట్లు ఆ సంచిలోనే ఉన్నాయి. బావ పట్టాల వైపు చూస్తూ, "నీ తమ్ముడు సీటు పట్టిండు. ఇగ సీటే పోయి పార్కు జూసొస్తది, మనం ఈడ్నే కూసుందాం" అన్నాడు.

స్టేషన్ ఆయన తెల్ల గ్లౌజులు వేసుకుని ఎంతో మర్యాదగా వంగి, తన ఫోనుతో ఇంగ్లీషులో అడిగించాడు, సంచి మర్చిపోయారా అని. అక్క నా మోచేయి గిల్లింది. "మర్సిపోయినమని చెప్పు, జల్ది పనైతది." అక్కడే నా బుద్ధి గడ్డి తింది. "నేనెందుకు మర్సిపోతనక్క, కావాల్ననే పెట్టిన" అని, అదే మాట డిగ్రీ ఇంగ్లీషులో ఆయనకు విడమరచి చెప్పాను. మర్చిపోలేదు, కావాలనే పెట్టి, కావాలనే దిగాను. ఆయన ముఖంలో నవ్వు పోయింది. మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పాను. రైల్లో కావాలని సంచి వదిలి దిగిపోయినవాణ్ణి ఏ దేశంలోనైనా ఏమనుకుంటారో నాకు తట్టలేదు. ఇంకాస్త పెద్ద అధికారి ఒకాయన వచ్చాడు. ఇన్నాళ్లకు వినేవాళ్లు దొరికారని సంబరపడి, బావ భుజం మీది తువ్వాల లాగి అక్కడి బెంచీ మీదికి విసిరి మరీ మా బస్టాండు పద్ధతి చూపించాను. వాళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు.

తర్వాతి స్టేషన్‌లో బండిని ఆపించి, జనాన్ని దింపి, సంచిని పక్కకు తీశారట. మమ్మల్ని అక్కడికి తీసుకుపోయి కూర్చోబెట్టారు. చాలాసేపటికి ఒకాయన సంచిలోంచి సజ్జరొట్టెలు, దువ్వెన, పల్లీల పొడి డబ్బా ఒక్కొక్కటే తీసి బల్ల మీద పేర్చాడు. డబ్బా మూత తీసి వాసన చూసి, కళ్లనీళ్లు వచ్చేదాకా తుమ్మాడు.

"పొడి సంగతి గూడ చెప్పుర, కావాల్ననే దంచినమని" అన్నాడు బావ.

సంచి తిరిగిచ్చి మమ్మల్ని వదిలాక, పార్కుకు చేరేసరికి పొద్దు వాలుతోంది. అక్క గబగబా పోయి ఆ బండి వరుసలో చివర నిలబడింది. వరుస కదలడం లేదు. నేను ముందుకు పోయి చూసొచ్చి, "అయిపోతదక్క, దగ్గరికొచ్చినం" అని అబద్ధం చెప్పాను. మా నెత్తిమీద నుంచి బండి నిండా జనం అరుచుకుంటూ దూకుతున్నారు. అక్క తలెత్తి ఆ దూకుళ్లన్నీ చూసింది. చివరికి తనే వరుసలోంచి బయటికి వచ్చి, "పాండ్రి, ఓడ పోతది" అంది. తిరుగు రైల్లో కిటికీకి ఆనుకుని, ఆ కొండ కనబడినంతసేపూ వెనక్కే చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

గద్వాలకు వచ్చాక వాడకట్టు ఆడవాళ్లంతా ముచ్చట వినడానికి చేరారు. నేను తలుపు చాటుకు పోబోతుంటే అక్క మొదలుపెట్టింది. "బెల్టు గట్టిగ పెట్టిండ్రు. మీదికి పోయినంక ఊరంత కనవడ్తది. ఇగ ఒక్కపారి ఇడిసిండు సూడు, పేగులు నోట్లెకు వచ్చినయి."

"భయం కాలేదా వదినా?" అని ఎవరో అడిగారు.

"నాకేం భయం. వీడే నా చెయ్యి వట్టుకొని ఏడ్సిండు. కాదుర?"

అందరూ నా వైపు తిరిగారు.

"అవునక్క, ఏడ్సిన" అన్నాను.

ఇప్పటికీ ఇంటికి చుట్టాలొస్తే ఆ ముచ్చట నడుస్తూనే ఉంటుంది. ఏటేటా ఆ బండి ఎక్కే కొండ ఇంకాస్త ఎత్తు పెరుగుతోంది. నేనూ ఏటేటా ఇంకాస్త గట్టిగానే ఏడుస్తున్నాను.