కరెంటు మచ్చలు

ఒక అబద్ధాన్ని ఇరవై ఏళ్లకు పైగా నాలో పెట్టుకుని తిరుగుతున్నాను. దాని వల్ల తిండి సహించలేదని, కంటికి కునుకు లేదని రాస్తే మీకు నా మీద కొంచెం జాలి కలుగుతుందేమో. కానీ బాగానే తిన్నాను. బాగానే నిద్రపోయాను. ఊళ్లో తగాదాలు తీర్చాను. పెళ్లాన్ని కొట్టిన మగవాళ్లను పంచాయితీకి పిలిపించి, నలుగురిలో నిలబెట్టి బుద్ధి చెప్పాను కూడా. ఇప్పుడు ఒంట్లో సత్తువ పోయింది. ఎవరి మీద అరవాలన్నా గొంతు లేవడం లేదు. పొద్దస్తమానం ఆ అబద్ధమే గుర్తుకొస్తోంది. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకైతే ఇది చెప్పలేను.

మాది మడకశిర వైపు పల్లె. నా భార్య రత్నమ్మ. పిల్లలు లేరు. మా ఇల్లు ఊళ్లో కాదు, చేనులో ఉండేది. పక్కన బోరు, ఆ పక్కన గొర్రెల దొడ్డి. అక్కడ ఎవరు కేక వేసినా ఊరికి వినపడదు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసే కొట్టేవాణ్ణి.

తొంభైల చివర్లో రత్నమ్మకు నెలసరి కాని రోజుల్లో కూడా రక్తం కనిపించడం మొదలైంది. నేను దగ్గరికి వెళితే వద్దనేది. నొప్పి అనేది. అది సాకు అనుకున్నాను. ఇంకెవడి మీదో మనసు పడిందేమో అని కూడా అనుకున్నాను. కొట్టాను. ఎన్నిసార్లు అంటే చెప్పలేను. ఒకరోజు బుడ్డల చేనులో వేరుశెనగ మొక్కల మధ్య కలుపు తీస్తూ, చీరంతా తడిసి, నడుం పట్టుకుని గట్టు మీద కూలబడింది. అప్పటిదాకా ఆస్పత్రి అనే మాటే నా నోట రాలేదు. మడకశిరలో చూసి హిందూపురం పంపారు. అక్కడ చూసి బెంగళూరులో క్యాన్సర్ ఆస్పత్రికి పంపారు. గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్ అని అక్కడ తేల్చారు.

అక్కడి డాక్టరమ్మ నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, కన్నడంలో నిదానంగా చెప్పింది. ఇంకా ముదరలేదు. ఐదు వారాలు బయటి నుంచి కరెంటు పెడతాం, ఆ తర్వాత లోపల పెడతాం, మధ్యలో ఆపకుండా పూర్తి చేస్తే నీ భార్య బతుకుతుందనే నా నమ్మకం అంది. ఆపొద్దు అని మూడుసార్లు అంది. నేను మూడుసార్లూ తల ఊపాను. కరెంటు అంటే రేడియేషన్. మా వైపు అందరం అలాగే అంటాం.

రత్నమ్మ తన పిన్నమ్మను తోడు పెట్టుకుని ఆస్పత్రి పక్క సత్రంలో ఉండేది. శని, ఆదివారాలు మిషన్‌కు సెలవు. మూడో వారం చివర ఇంటికి తీసుకొచ్చాను. శనివారం మధ్యాహ్నం, స్నానానికి కూర్చుని, పొత్తికడుపు మీద నీళ్లు పడకుండా గుడ్డ అడ్డం పెట్టుకుంటోంది. ఏమిటది అని గుడ్డ లాగేశాను. బొడ్డు కింద ఊదారంగు సిరాతో గీతలు. చదరంగా గీసి, మూలల్లో గుర్తులు పెట్టారు.

ఎవరు గీశారని అడిగాను. "మిషన్ కాడుండే ఆయప్ప. కరెంటు సరిగ్గా ఆడనే పడాలంట. చెరపగూడదంట," అంది.

ఆయప్ప అంటే ఎవడో మగవాడు. ఆ ఒక్క మాట నా చెవిలో పడింది. మిగతాదేదీ పడలేదు. నిజంగా పడలేదా? పడింది. చెరపకూడదన్నది స్పష్టంగా వినపడింది. వినపడబట్టే చెరపాలనిపించింది. గూటానికి తగిలించిన ఎద్దుల చర్నాకోల తీశాను. తడి ఒంటి మీద భుజాలకు, వీపుకు, చేతులు అలిసేదాకా కొట్టాను. ఆమె మొహం కాపాడుకోలేదు, రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని ఆ గీతలను కాపాడుకుంది. అది చూసి ఇంకా మండిపోయింది నాకు. చేతులు లాగి పక్కకు తొక్కిపెట్టి, కొబ్బరిపీచుతో రుద్దాను. కరెంటుకు అప్పటికే అక్కడి చర్మం పలచబడి ఉంది. గీతలతో పాటు తోలూ వచ్చేసింది. రక్తం చూశాను. చూసి కూడా ఇంకో గీత మిగిలిందని రుద్దాను.

సోమవారం తిరిగి వెళ్లాలి. తీసుకెళ్లలేదు. ఎందుకో ఇన్నేళ్లూ నాకు నేను రకరకాలుగా చెప్పుకున్నాను, పరువు అన్నాను, మగవాళ్ల చేతుల్లో పెట్టలేను అన్నాను, ఇంట్లో ఉండి నాటుమందుతో బాగవుతుందనుకున్నాను అని కూడా అన్నాను. అవేవీ కావు. డాక్టరమ్మ రవిక విప్పించి చూస్తే ఆ వాతలు కనపడతాయి. అదొక్కటే నా భయం. వాతలు మానేదాకా ఆగుదాం అనుకున్నాను. మానేసరికి నెల దాటింది. నెల రోజులు ఎందుకు రాలేదని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. ఆస్పత్రి నుంచి కన్నడంలో కార్డు వచ్చింది, చికిత్స మధ్యలో ఆపొద్దు, వెంటనే రండి అని. పొయ్యిలో వేశాను. ఇంకో కార్డు వచ్చింది. అదీ వేశాను. సత్రంలో ఉన్న పిన్నమ్మ కబురు పంపితే, రత్నమ్మే రానంటోందని చెప్పించాను. రత్నమ్మ రెండుసార్లు నన్ను అడిగింది, పోదామా అని. రెండోసారి అడిగినప్పుడు మళ్లీ చర్నాకోల తీశాను. మూడోసారి అడగలేదు.

ఏడాది తిరగకుండా పోయింది. ఆ చివరి రోజుల వాసన గురించి రాయలేను. అరుపులు గొర్రెలు తప్ప ఎవరూ వినలేదు. నేను విన్నాను.

నా చెల్లెలు జయమ్మను గుమ్మఘట్ట దగ్గర ఊరికి ఇచ్చాం. వదినంటే ప్రాణం దానికి. కబురు అందగానే వచ్చి, శవానికి నీళ్లు తనే పోసింది. పోస్తూ పోస్తూ ఆగిపోయింది. భుజాల నుంచి నడుం దాకా నల్లటి మచ్చలు, చారలు చారలుగా. సాయం వచ్చిన ఆడవాళ్లందరూ నా వైపు చూశారు.

"ఇదేందన్నా?" అంది జయమ్మ.

"కరెంటు," అన్నాను. "బెంగళూరులో కరెంటు పెట్టి కాల్చినారు."

అంతే. ఆలోచించి చెప్పింది కాదు. కానీ దాని తర్వాత చెప్పినవన్నీ ఆలోచించే చెప్పాను. టీ అంగడిలో, సంతలో, బస్సులో, ఎవరు పలకరించినా నా భార్యను కాల్చి చంపిన ఆస్పత్రి కథ చెప్పేవాణ్ణి. నన్ను ఓదార్చేవాళ్లు. ఓదార్పు బాగుండేది. నా కథ విని ఎంతమంది ఆడవాళ్లు ఆస్పత్రికి పోకుండా ఇంట్లోనే ఉండిపోయారో నాకు తెలియదు. ఒకదాని సంగతి మాత్రం తెలుసు.

ఏడెనిమిదేళ్లకు జయమ్మకు అదే జబ్బు వచ్చింది. అనంతపురం డాక్టరమ్మ తొందరగానే పట్టింది. అప్పటికి తెల్ల రేషన్ కార్డు మీద వైద్యం అంతా ఉచితం. అయినా జయమ్మ కదలనంది. దాని మొగుడు మంచివాడు, ఏడుస్తూ ఫోన్ చేశాడు. "బావా, నువ్వొచ్చి చెప్పు. నీ మాటైతే ఇంటాది," అన్నాడు. బస్సెక్కాను. చెప్పేయాలనే ఎక్కాను, ఇది నిజం. దారి పొడుగునా ఎండిపోయిన చేన్లు చూస్తూ మాటలు పేర్చుకుంటూ వెళ్లాను.

జయమ్మ పంచలో చాప మీద కూర్చుని ఉంది. మొగుడు గడప దగ్గర, పిల్లలిద్దరూ వాడి పక్కన.

"ఈయప్పే పిలిపించినాడు కదా," అంది మొగుణ్ణి చూపిస్తూ. "సరే. ఒకటి అడుగుతా. నిజం చెప్పు."

"అడుగు."

"వదినకు నీళ్లు పోసింది నేనే. ఆ మచ్చలు నా కండ్లల్లో నుంచి పోలేదు. డాక్టరమ్మ ఏమంటాందంటే, ఈ జబ్బుకు కరెంటు పెట్టేది పొత్తికడుపుకేనంట. భుజాల మింద మచ్చలేమిటికి పడతాయి, ఎవురో కొట్టింటారు అనింది. నాకు కోపమొచ్చి లేచి వచ్చేసినా. మా అన్న అట్లాంటోడు కాదని చెప్పి వచ్చేసినా."

నేను చాప కొసన కూర్చున్నాను.

"అందరూ పో పో అంటాండారు. నాకు ఎవురి మాటా వద్దు. నువ్వు దగ్గరుండి చూసినోడివి. అది కరెంటు కాదని నువ్వంటే రేపే పోతా. పిల్లోళ్లు ఇంకా చిన్నోళ్లు. నాకూ బతకాలనే ఉండాది అన్నా."

ఇంతకంటే స్పష్టంగా ఎవరు అడుగుతారు? దాని ప్రాణం తెచ్చి నా నాలుక మీద పెట్టింది. నేను చెప్పాల్సింది ఒక్క మాట. గడప దగ్గర దాని మొగుడు నన్నే చూస్తున్నాడు. పిల్లలు మామ ఏం చెబుతాడా అని చూస్తున్నారు. మా అన్న అట్లాంటోడు కాదు అన్న మాట ఇంకా చెవిలో ఉంది. వాళ్ల ముందు చిన్నబోవడం నాకు కష్టమైంది. చెల్లెలి చావు కంటే అది కష్టమైందా అని మీరు అడగొచ్చు. అవును, ఆ క్షణంలో అదే కష్టమైంది.

"భుజాలకూ పెట్టినారు జయా," అన్నాను. "ఒళ్లంతా పెట్టినారు."

"అట్లైతే నేను పోను," అంది. మొగుడు తల గోడకేసి కొట్టుకున్నాడు. నేను వాణ్ణి లేపి పట్టుకుని ఓదార్చాను.

ఏడాదిన్నర పట్టింది. చివరికి కాళ్లు వాచి, మూత్రం ఆగిపోయి, నొప్పికి చాప పుల్లలు పీకి నోట్లో కుక్కుకునేది పిల్లలకు వినపడకూడదని. నెలకోసారి వెళ్లేవాణ్ణి. నన్ను చూస్తే లేచి కూర్చోవాలని చూసేది. పోయే ముందు వారం వెళ్లినప్పుడు నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు నిజం చెప్పబట్టి నా ఒళ్లు కాలకుండా మిగిలిండాది. వదిన మాదిరి కాకుండా పోతాండా. నాకు మేలు చేసినావు అన్నా," అంది. నేను దాని చెయ్యి నిమిరాను. అప్పుడైనా చెప్పొచ్చు. అప్పుడు చెప్పడం ఇంకా పెద్ద పాపమేమో అనుకున్నాను. పాపం గురించి ఆలోచించే తెలివి అప్పుడు వచ్చింది నాకు.

దాని మొగుడు ఇప్పటికీ పండక్కి నన్ను పిలుస్తాడు. బావా అని ఎదురొస్తాడు, ముందు నాకే పెడతాడు. మేనల్లుళ్లు కాళ్లకు దండం పెడతారు. వాళ్లకు చెప్పాలి. చెప్పే ధైర్యం ఈ రోజుకీ లేదు. అందుకే పేరు లేకుండా మీకు రాస్తున్నాను, పిరికివాడు రాసినట్టే. మీరు క్షమించాలని రాయలేదు. క్షమించాల్సిన ఇద్దరినీ నేనే పంపేశాను.

జయా, అవి కరెంటు మచ్చలు కావు. నేను కొట్టిన దెబ్బలు. డాక్టరమ్మ చెప్పిందే నిజం. నువ్వు పోయి ఉంటే బతికేదానివి.

రాసేశాను. ఊపిరి ఆడుతోంది.