ఒక్కడే తక్కువ

యల్లమంద మాస్టారు ఎదురుపడ్డ మనిషి మొహం చూడరు, భుజాలు చూస్తారు. చూసి, తల పంకించి, "పన్నెండుమంది ఉన్నారయ్యా, ఒక్కడే తక్కువ," అంటారు. నరసరావుపేటలో ఆయన కంటబడని భుజం లేదు. పెళ్లిలో అక్షింతలు వేస్తూ పెళ్లికొడుకు భుజం తడిమి చూసిన ఘనుడాయన. ఒకసారి పాడె వెనకాల నడుస్తూ, "ఎడమవైపు కుర్రాడి పట్టు బాగుందే," అని పైకే అనేసి చీవాట్లు తిన్నారు.

ఆ ఒక్కడు దేనికంటే, రగ్బీ లీగ్‌కి. కోడిగుడ్డులాంటి బంతి, జట్టుకి పదమూడుమంది. బంతి పట్టుకుని ముందుకు పరిగెత్తాలి, పక్కవాడికి చేత్తో అందించాలంటే మాత్రం వెనక్కే విసరాలి. డ్రిల్లు మాస్టారుగా రిటైరైన దగ్గర్నుంచీ ఆయనకి ఇదే ధ్యాస. ఆ ఆట దేశదేశాలా పాకితేనే ఒలింపిక్స్‌లోకి రానిస్తారట. పాకించే పనిలో పల్నాడు వాటా ఆయన నెత్తికెత్తుకున్నారు. ఎవరు ఎత్తుకోమన్నారని అడగకూడదు.

"రగ్బీ ఒలింపిక్స్‌లో ఉందంటగా మాస్టారూ?" అన్నవాడి పని అయిపోయినట్టే.

"అది రగ్బీ యూనియన్, మన దాయాదుల ఆటరా! ఎప్పుడో ఇంగ్లండులో వాటాలు పంచుకుని వేరుపడ్డారు. ఇప్పుడు వాళ్లు నట్టింట్లో కూర్చున్నారు, మనం గుమ్మం బయట నిలబడ్డాం. దాయాదుల పోరు ఏందో పల్నాటోళ్లకి నేను చెప్పాలా?"

అలాంటి మాస్టారి కన్ను గోపీనాథ్ మీద పడింది. తన భుజాలు ఒలింపిక్స్ సరుకు కాదని గోపీనాథ్‌కి అందరికన్నా బాగా తెలుసు. నలభై ఆరేళ్లు. అతను కుర్చీలో కూర్చుంటే పొట్ట వచ్చి ఒళ్లో కూర్చుంటుంది. పైగా మొన్న మున్సిపల్ ఎన్నికల్లో ప్రెషర్ కుక్కర్ గుర్తు మీద ఇండిపెండెంటుగా నిలబడి, నాలుగంటే నాలుగు ఓట్లు తెచ్చుకున్నాడు. ఇంట్లోనే ఆరు ఓట్లున్నాయి.

ఆ సంగతి రగ్బీ లీగ్ కన్నా వేగంగా ఊరంతా పాకింది. గడప దాటితే పిల్లకాయలు నోట్లో వేళ్లు పెట్టుకుని విజిల్ వేసేవాళ్లు. "కుక్కర్ మావయ్యా, ఎన్ని విజిల్స్‌కి దించాలి?" అనేవాళ్లు. దాంతో గోపీనాథ్ గడప దాటడమే మానేశాడు. టైర్ల కొట్టు తమ్ముడికి అప్పగించి టీవీ ముందు కూలబడ్డాడు. వంటింట్లో అసలు కుక్కర్ కూసినా ఉలిక్కిపడేవాడు.

"ఓటెయ్యని ఆ ఇద్దరూ ఎవరే?" అని భార్య శేషారత్నాన్ని పూటపూటా నిలదీసేవాడు. ఒకరోజు ఆమె విసుగొచ్చి గరిటె కింద పెట్టింది.

"ఇద్దరు కాదు, ముగ్గురం. నేనూ, అత్తయ్యా, మామయ్యా. మాలో మేం మాట్లాడుకునే ఓటెయ్యడం మానేశాం. గెలిస్తే ఇంటిపట్టున ఉండవని భయమేసింది. ఓడితే ఇల్లే కదలవని మాకేం తెలుసు?"

గోపీనాథ్ వేళ్లు మడిచి లెక్కేసుకున్నాడు. తనూ, తమ్ముడూ, మరదలూ. మూడే అవుతున్నాయి. మరి ఆ నాలుగో ఓటు ఏ మహానుభావుడిది?

ఈ చిక్కులో ఉండగానే మాస్టారు లోపలికొచ్చి భుజాలు చూశారు.

"పన్నెండుమంది ఉన్నారు గోపీ, ఒక్కడే తక్కువ. వచ్చే నెల సత్తెనపల్లి జట్టుతో మ్యాచ్."

"నేనా మాస్టారూ? మెట్లెక్కితేనే ఆయాసం నాకు!"

"నిన్ను పరిగెత్తమని ఎవడన్నాడు? అడ్డం నిలబడు చాలు. నిన్ను చుట్టి రావాలంటే వాళ్లు బస్సెక్కాలి."

"బజార్లో నా మొహం ఎట్టా చూపించమంటారు?"

"మొహం ఎవడిక్కావాలి? నువ్వు రాకపోతే పదమూడు కాదు. పదమూడు కాకపోతే మ్యాచ్ లేదు. మ్యాచ్ లేకపోతే జిల్లా లేదు, రాష్ట్రం లేదు, దేశం లేదు. రేపు ఒలింపిక్స్ వాళ్లు అడిగితే నన్నేం చెప్పమంటావ్? కుక్కర్ అలిగిందని చెప్పనా?"

ప్రపంచంలో ఒక ఆట భవిష్యత్తు తన పొట్ట మీద ఆగి ఉందంటే గోపీనాథ్‌కి నవ్వొచ్చింది. ఓడాక నవ్వడం అదే మొదలు.

ప్రాక్టీసు ఎవరి పెరట్లో వారికే. "సత్తెనపల్లోళ్లకి తెలియకూడదు, రహస్యం," అన్నారు మాస్టారు. ఎదుటివాణ్ణి నడుం పట్టి పడెయ్యడం నేర్పడానికి ఒక మిర్చి టిక్కీ, అంటే మిరపకాయల బస్తా, తెచ్చి నిలబెట్టారు. లోపల గడ్డి కుక్కుతారని ఎవరైనా అనుకుంటారు. మాస్టారు లోపలున్న తాలు మిరపకాయలు తీయకుండానే పట్టుకొచ్చారు. గోపీనాథ్ వెళ్లి టిక్కీని వాటేసుకోగానే అది పిగిలింది, వీధి వీధంతా తుమ్మింది.

"బాబాయిగారూ," అంది శేషారత్నం మాస్టారితో, తుమ్ముకీ తుమ్ముకీ మధ్య, "ఒలింపిక్స్ దాకా మేం బతికుంటామా?"

దానికితోడు బంతి చేతికొస్తే చాలు, గోపీనాథ్ నోరు దానంతటదే "కబడ్డీ కబడ్డీ" అని అందుకునేది. బంతి వెనక్కి ఇవ్వరా అంటే ముందుకే విసిరేవాడు. "నాయనా, వెనక్కి!" అని మాస్టారు నెత్తి కొట్టుకునేవారు.

మ్యాచ్ పెట్టుకున్న ఆదివారం రానే వచ్చింది. గోపీనాథ్ నిక్కరు వేసుకుని, తల దించుకుని, వెనకాల విజిళ్లు మోగుతుంటే కాలేజీ గ్రౌండు చేరాడు. అక్కడ మౌలాలీ కనిపించాడు. ట్రాక్టర్ని సాగర్ కాలవలో దింపి, ఆ సిగ్గుతో మళ్లీ బండి తాళం ముట్టనివాడు.

"నువ్వెందుకొచ్చావ్ మౌలాలీ?"

"నేనే పదమూడోవాణ్ణి అన్నా. నేను రాకపోతే ఒలింపిక్స్ ఆగిపోద్దంటగా!"

"నువ్వు పదమూడోవాడివేంది? అది నేను!" అన్నాడు పక్కనుంచి ఆనంద్ బాబు. నిశ్చితార్థం తప్పిపోయాక గడ్డం పెంచుకుని గదిలో దూరినవాడు.

లెక్కపెడితే ఇరవై ఒక్కమంది తేలారు. ఇరవై ఒక్కమందీ పదమూడోవాళ్లే. ఊళ్లో తలెత్తుకోలేక తలుపేసుకున్న ప్రతివాడూ నిక్కరుతో అక్కడ నిలబడి ఉన్నాడు. సత్తెనపల్లి నుంచి మాత్రం ఆటోలో ఐదుగురే దిగారు. మాస్టారు కంగారుపడలేదు. మనవాళ్లలో ఎనిమిదిమందిని అటు తోసి, రెండు జట్లూ సరిచేశారు. గోపీనాథ్ సత్తెనపల్లివాడైపోయాడు.

"మాస్టారూ, ఆ పన్నెండుమంది ఏరీ?" అన్నాడు గోపీనాథ్.

"ఉన్నారంటేనే కదరా వచ్చావ్! ఎవడూ లేడంటే వచ్చేవాడివా?"

"అంటే ఒలింపిక్స్ సంగతి కూడా..."

"నోర్ముయ్, అది నిజం! దానికింకా చానామంది కావాలి." మాస్టారు మెడలో విజిల్ సర్దుకుని గొంతు తగ్గించారు. "ఎక్కడన్నా ఒక్కడు తక్కువయ్యాడంటే నా ప్రాణం ఒప్పుకోదురా గోపీ. మొన్న ఓట్ల రోజూ అంతే. మన వార్డులో కుక్కర్ వంక చూసేవాడే లేడు..."

గోపీనాథ్‌కి నాలుగో ఓటు దొరికింది. "మీరా మాస్టారూ!"

"మరీ పొంగిపోమాక. మొహం చూసి వెయ్యలేదు, భుజాలు చూసి వేశా."

మాస్టారు విజిల్ ఊదారు. ఈసారి గోపీనాథ్ ఉలిక్కిపడలేదు. బంతి అందుకుని, "కబడ్డీ కబడ్డీ" అంటూ మౌలాలీని గుద్దుకుని, ఆనంద్ బాబుని ఈడ్చుకుంటూ పోయి, చివరికి బంతిని ముందుకే విసిరాడు.

"వెనక్కి విసర్రా కుక్కరూ!" అని అరిచారు మాస్టారు.

గట్టు మీద పిల్లకాయలందరూ ఒక్కసారిగా విజిల్ వేశారు. గోపీనాథ్ ఆగి, వాళ్ల వైపు తిరిగి, గెలిచిన అభ్యర్థిలా రెండు చేతులూ జోడించాడు.