అమాస కమ్మరి

మేకల కాపరి చేత కొడవలి చేయించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. నేనే! అదీ చాటుగా కాదు. నల్లగొండ నుంచి జీపులో వచ్చిన సర్కారు సారు ఎదుట, ఊరంతా గోడలెక్కి చూస్తుండగా చేయించాను. ఆ పూట మా ఇంట్లో ఒక పచ్చడి బండ రెండు ముక్కలైంది. పరువు ఎన్ని ముక్కలైందో ఎవరూ ఏరలేదు.

నా పేరు మౌనిక. ఆ పేరు పెట్టిన అయ్యగారు ఎదురైతే మా అమ్మ ఇప్పటికీ, "అయ్యగారూ, మీరు జూసింది మా పిల్ల జాతకమేనా?" అని అడుగుతుంది. పదో తరగతి ఎలాగో ఒడ్డెక్కి, ఇంటర్‌లో ఇంగ్లిషు గుంతలో పడి, లేచి దులుపుకొని, కట్టంగూర్‌లో ఒక జిరాక్సు దుకాణంలో కుదిరాను. ఆన్‌లైన్ పనులు కూడా అక్కడే చేస్తాం. అప్పుడొచ్చింది ఆ పథకం. చేతులతో వస్తువులు చేసే కమ్మరి, చెక్కపని చేసే వడ్ల, కుమ్మరి వాళ్లకు సర్కారు కొత్త పనిముట్లు ఇస్తుందట. మా సేటు, "మౌనికా, మీ ఊరి దరఖాస్తులు నువ్వే తే" అన్నాడు. అంతే! సంచి భుజాన వేసుకుని, సర్పంచికి నిలబడ్డ దానిలా ఇల్లిల్లూ తిరిగాను.

మొదటి తగాదా మా ఇంట్లోనే.

"మరి నాకు రాదా?" అన్నాడు నాయిన, మేకలకు తుమ్మకాయలు వేస్తూ.

"రాదు నాయినా. చేతులతో తయారుచేసేటోళ్లకే."

"గీ మంద ఎవలు తయారు జేసిండ్రు? నేను గాదా?"

అది మేకపోతు పని అని నోటిదాకా వచ్చింది. కానీ తండ్రి ముందు అనే మాట కాదు కదా, మింగేశాను. నాయిన మూతి ముడుచుకున్నాడు. ఆ ముడి గుర్తు పెట్టుకోండి. తర్వాత దాని పని ఉంది.

మా మేకల దొడ్డికి ఎదురుగానే సత్తయ్య తాత కొలిమి. తాత ఇనుము కొడితే, బాలమ్మ అవ్వ గాలిచక్రం తిప్పుతుంది. పిడి పట్టి గిర్రున తిప్పితే గాలి కొలిమిలోకి పోయి బొగ్గులు మండుతాయి. అలా తిప్పీ తిప్పీ అవ్వ కుడి జబ్బ పట్టేసింది. తల దువ్వుకోవాలన్నా చెయ్యి లేవదు. దవాఖానలో డాక్టరు, చక్రం ముట్టొద్దన్నాడు. అవ్వ ముట్టకపోతే కొలిమి లేదు, కొలిమి లేకపోతే పొయ్యి లేదు.

దరఖాస్తు రాస్తుంటే అవ్వ నా పక్కన వచ్చి కూర్చుంది.

"బిడ్డా, కరెంటు గాలి మిషిని ఇస్తరట గదా. నిజమేనా?"

"నిజమే అవ్వా."

"స్విచ్చి ఏస్తే గాలొస్తదా? చెయ్యి తిప్పే పనుండదా?"

"ఒక్క ఏలు చాలు. ఇగ నీ జబ్బకు జిందగీ అంత సెలవే. ఫికర్ జెయ్యకు, నేనున్న గదా!"

ఈ 'నేనున్న గదా' అన్న మాట ఉందే, నా నోట్లోంచి అది వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరికి మూడుతుంది.

దరఖాస్తులన్నీ పంపాక నల్లగొండ నుంచి సర్కారు సారు ఫోన్ చేశారు. "అమ్మా, పనిచేసేవాళ్లను కళ్లారా చూసి సంతకం పెట్టాలి. ఒక్కసారే వస్తాను, మళ్లీ రావడం కుదరదు. అందరూ ఊళ్లో దొరికే రోజు చెప్పు."

ఇక్కడే నా తెలివి చూడండి. మా ఊరి వడ్లవాళ్లు పొద్దున్నే బస్సెక్కి చిట్యాల, చౌటుప్పల్ వైపు కొత్త ఇళ్లకు తలుపులు బిగించడానికి పోతారు. సత్తయ్య తాత కత్తులు, గొడ్డళ్లు పట్టుకుని అంగడికి పోతాడు. ఒకరుంటే ఒకరుండరు. ఆలోచించాను. ఆలోచిస్తే గుర్తొచ్చింది, నెలకు ఒక రోజు వీళ్లందరూ తెల్లబట్టలు కట్టుకుని, అరుగుల మీద కూర్చుని, తీరిగ్గా ఆకు నములుతూ కనిపిస్తారు! ఏ రోజది? క్యాలెండర్‌లో నల్ల చుక్క ఉండే రోజు.

"అమాస నాడు రాండ్రి సార్! అందరు ఇంటి పట్టునే ఉంటరు."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. తర్వాత సారు, "అమాసా? ఆలోచించే చెప్తున్నవా?" అన్నారు.

"మస్తు ఆలోచించిన సార్! ఒక్కరు తక్కువైనా నా పేరు మార్చుకుంట."

"సరే" అన్నారాయన. ఆ 'సరే'లో ఏదో నవ్వు ఉంది. నా తెలివికి మురిసిపోయారనుకున్నాను.

అందరికీ చెప్పాను. "అమాస నాడు సారొస్తుండు, ఇంట్లనే ఉండుండ్రి" అంటే, "యాడికి పోతం బిడ్డా, ఇంట్లనే ఉంటం" అన్నారు. వాళ్లు ఇంట్లో ఎందుకుంటారని నేను అడగలేదు. సారు వచ్చి పని చూస్తారని వాళ్లకు చెప్పలేదు. చెప్పాల్సింది తప్ప అన్నీ చెప్పడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య.

అమాస వచ్చింది. జీపు వచ్చింది. సారు దిగారు. నేను పెళ్లికూతురి అన్నలా ముందు నడిచాను. వడ్లవాళ్ల గడపలన్నీ తిరిగాం. అందరూ ఉన్నారు, ఒక్కరూ తక్కువ లేరు. కాకపోతే ఉలులు, రంపాలు, బాడిసలు అన్నీ కడిగి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి గోడకు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ముందర కొబ్బరికాయ ముక్కలు.

"జర పని చేసి చూపిస్తారా?" అని సారు అడగడం, "ఇయ్యాల అమాస సార్, ముట్టం" అని వాళ్లనడం, సారు కాగితం మీద ఏదో రాసుకోవడం. ప్రతి గడపలో ఇదే పాట. అమాసకో పున్నానికో ఒకసారి మా ఊరికి సర్కారు వస్తుందంటే, నేను సరిగ్గా అమాసకే పిలిచానన్నమాట!

ఎడారిలో నీళ్ల కుండలా శీనన్న ఎదురొచ్చాడు. శీనన్నది కిరాణం దుకాణం. కానీ వాళ్ల మామగారి ఊళ్లో వడ్లపని నేర్చుకున్నానని చెప్పి దరఖాస్తు ఇచ్చాడు. నేను నమ్మాను. నేను ఎవరినైనా నమ్ముతాను, అది వేరే రోగం.

"అమాస గిమాస నాకేం లేదు సార్! పనే దేవుడు!" అంటూ శీనన్న చెక్క నునుపు చేసే కొత్త రంద తీసి చెక్క మీద బరబరా లాగాడు. ఒక్క పొట్టు ముక్క కూడా లేవలేదు. చెక్కకు మాత్రం చక్కిలిగింత పెట్టినట్టయింది. అయినా నా కళ్లకు శీనన్న మీద పూలవాన కురిసింది. "చూసిండ్రా సార్, గిట్లుండాలె మనిషి!" అన్నాను. సారు రాసుకున్నారు.

చివరికి సత్తయ్య తాత కొలిమి. బూడిద చల్లగా ఉంది. సుత్తె, పట్టుకారు పసుపు పూసుకుని పెళ్లిపీటల మీద కూర్చున్నట్టున్నాయి. తాత తెల్లని ధోవతిలో అరుగు మీద ఉన్నాడు.

"తాతా, జర కొలిమి ముట్టియ్యి. రెండు దెబ్బలు గొట్టు, సారు జూసి పోతడు."

"అమాస నాడా? నీకు పిచ్చి గిన లేసిందా పిల్లా? మా తాత ముట్టలేదు, మా నాయిన ముట్టలేదు. సర్కారొచ్చిందని నేను ముడతనా?"

"గాలి మిషిను పోతది తాతా!"

"పోనీ."

ఆ 'పోనీ' బాలమ్మ అవ్వ చెవిన పడింది. కుడి జబ్బను ఎడమ చేత్తో నిమురుకుంటూ నా వైపు చూసింది. కోపంగా చూసినా బాగుండేది. సారు కలం మూత తీశారు. నాకు కాళ్ల కింద భూమి లేదు, నోట్లో నాలుక మాత్రం ఉంది. అదే కొంప ముంచింది.

"సార్! తాతకు శిష్యుడున్నడు! ఆయనకు అమాస పట్టింపు లేదు. ఆయన జేసి చూపిస్తడు!"

"నాకు శిష్యుడా?" అని తాత లేచి నిలబడ్డాడు. "ఎవడాడు?"

నా వేలు దానంతట అదే లేచి ఎదురింటి వైపు చూపించింది. దొడ్డి గోడ మీదుగా తొంగిచూస్తున్న నాయిన ముఖం వెలిగిపోయింది. పథకం రాలేదని ముడిచిన మూతి ముడి విప్పుకుంది.

"చేస్త! చిటికెల చేస్త!" అన్నాడు.

తాత పనిముట్లు ముట్టనివ్వడు కాబట్టి మా ఇంటి సామాన్లతోనే కొలిమి పెట్టాం. మూడు రాళ్ల పొయ్యి, గాలికి చేట, దెబ్బకు పచ్చడి బండ, ఇనుము పట్టుకోవడానికి అమ్మ చారు గిన్నె దించే పట్టుకారు. మొద్దుబారిన పాత కొడవలిని నిప్పుల్లో పెట్టి నాయిన చేటతో ఒక్క ఊపు ఊపాడు. నిప్పు అలాగే ఉంది. బూడిద మాత్రం లేచి సారు తెల్ల చొక్కా మీద వాలింది. మేకలు తుమ్మాయి. సారు కూడా తుమ్మారు.

"మల్లయ్యా, చేటతోని బియ్యం చెరుగుతున్నవా?" అని గోడ మీంచి ఎవరో అరిచారు.

కొడవలి కాస్త ఎర్రబడగానే నాయిన బయటికి లాగాడు. అప్పటిదాకా పళ్లు కొరుకుతున్న సత్తయ్య తాత ఇక ఆగలేకపోయాడు. చేతులు దేన్నీ ముట్టకుండా వెనక్కి కట్టుకుని, అరుగు అంచుకు వచ్చి అరవసాగాడు.

"అప్పుడే తియ్యకురా మల్లిగా! పెట్టు, లోపల పెట్టు! నారింజపండు రంగు రావాలె!"

"నారింజపండు యాడ దొరుకుతదే ఇప్పుడు?"

"రంగురా, రంగు! ఆగు... ఆగు... ఆఁ, ఇగ తియ్యి! వాలుగా గొట్టు! అది ఇనుమనుకున్నవా, మేక తల అనుకున్నవా?"

నాయిన కొడవలిని పొయ్యి పక్క రాయి మీద పడేసి, రెండు చేతులతో పచ్చడి బండ ఎత్తి దబీమని వేశాడు. బండ రెండు ముక్కలైంది. లోపలి నుంచి అమ్మ, "నా బండా!" అని కేక పెట్టింది. కొడవలి మెలి తిరిగి, మా పెద్ద పోతు కొమ్ములా తయారైంది. ఊరు ఊరంతా గోడల మీద నుంచి రాలిపడేటట్టు నవ్వింది.

నేను సారు ముఖం చూడలేక కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆయన నాయినను చూడటం లేదు. కొడవలినీ చూడటం లేదు. బాలమ్మ అవ్వను చూస్తున్నారు.

అవ్వ అరుగు మీద కూర్చుని నిప్పునే చూస్తోంది. తాత 'పెట్టు' అన్నప్పుడల్లా ఆమె కుడి చెయ్యి గాలిలో గుండ్రంగా తిరుగుతోంది. ఎదురుగా చక్రం లేదు, పిడి లేదు. నిప్పు తగ్గితే చెయ్యి జోరందుకుంటోంది, నిప్పు లేస్తే మెల్లబడుతోంది. ఆమెకు తెలియకుండానే తిరుగుతోంది. అంతలో జబ్బ కలుక్కుమని, "అమ్మా" అని ఆగిపోయింది.

సారు ఆమె దగ్గరికి వెళ్లారు.

"ఎప్పటి నుంచి తిప్పుతున్నవమ్మా?"

"లగ్గమై వచ్చిన కాడ్నుంచి సారూ."

సారు అక్కడే నిలబడి సంతకం పెట్టేశారు. నాకు అర్థం కాలేదు. "సార్, పని చూడలేదు గదా?" అన్నాను. నోరు మూసుకుని ఊరుకోవచ్చు కదా? ఊరుకుంటే నేను నేనెందుకవుతాను?

సారు పకపకా నవ్వారు. "మా అమ్మమ్మ వాళ్లది కమ్మరి ఇల్లేనమ్మా. అమాస నాడు మా ఇంట్ల గోడకు మేకు గూడ కొట్టనియ్యరు. నువ్వు ఫోన్ల అమాస అన్నప్పుడే అనుకున్న, ఈ పిల్ల మహా గట్టిది అని! అసలు పనోడు ఎవలు, కాగితం మీది పనోడు ఎవలు అనేది గీ ఒక్క పూటల తేలిపోతది. ముట్టనన్నోళ్లందరికి సంతకం పెట్టిన. రంద పట్టుకొని ఉరికొచ్చినాయన పేరు కొట్టేసిన. ఇంత ఉపాయం ఎవలు చెప్పిండ్రు నీకు?"

ఊరంతా నా వైపు తిరిగింది. శీనన్న మాత్రం దుకాణం వైపు తిరిగాడు. మీరే చెప్పండి, అలాంటప్పుడు నిజం చెప్పడం సభ్యతేనా? పైటకొంగు సర్దుకుని, "ఎవలు చెప్తరు సార్, నాదే!" అన్నాను.

ముఖం నిండా మసితో నాయిన ముందుకొచ్చాడు. "మరి నా సంగతేంది సారూ? అందరికన్న ఎక్కువ కష్టపడ్డది నేనే గదా!"

"నువ్వు అమాస నాడు కొడవలి గొట్టినవ్ పెద్దాయనా. ఫెయిల్!"

గాలి మిషిన్ వచ్చింది. మొదటి రోజు బాలమ్మ అవ్వ నన్ను పిలిపించి, నా ఎదుట ఒక్క వేలితో స్విచ్చి నొక్కింది. కొలిమి భగ్గుమంది. అవ్వ ఆ వేలిని అటూ ఇటూ తిప్పి చూసుకుని, "గింతేనా?" అంది. ఇప్పుడు తల తానే దువ్వుకుంటోంది. సత్తయ్య తాత మాత్రం నాయిన ఎదురైనప్పుడల్లా, "ఏం శిష్యా, నారింజపండు దొరికిందా?" అంటాడు. నాయినకు ఊళ్లో 'అమాస కమ్మరి' అన్న పేరు స్థిరపడింది. మెలి తిరిగిన ఆ కొడవలి మా దొడ్డి గుంజకు వేలాడుతోంది. మేకలు దానికి వీపు గోక్కుంటాయి. చేతివృత్తి ఉత్పత్తి వృథా పోకూడదు కదా.

నన్ను చూసి పక్క ఊళ్ల వాళ్లు కూడా, "ఆ పిల్లనడుగుండ్రి, మంచి రోజు చెప్తది" అంటున్నారట. అందుకే ఈ బహిరంగ ప్రమాణం. మేకల మల్లయ్య కూతురు మౌనిక అను నేను, పగిలిన పచ్చడి బండ సాక్షిగా చేయు ప్రమాణమేమనగా: ఒక మనిషి ఇంట్లో తీరిగ్గా కూర్చుని కనిపిస్తే, ఎందుకు కూర్చున్నాడో అడగకుండా వాళ్లింటికి సర్కారును పిలవను. కన్నతండ్రిని ఎవరికీ శిష్యుడిగా అంటగట్టను. 'నేనున్న గదా' అనే ముందు క్యాలెండర్ చూస్తాను.

ఇప్పుడు కూడా చూసే రాస్తున్నాను. ఇవాళ అమాస కాదు. కాబట్టి ఈ ఒట్టు చెల్లుతుంది.