తీతువు ఎవర్ని చూసి అరిచింది

మా ఇంట్లో ఈ కథ ఎవరు చెప్పినా ఒకేలా చెబుతారు. ఆ మధ్యాహ్నం తీతువు అరిచింది, మావారు చెరువులో పడ్డారు. మా అత్తగారు చెప్పినా అంతే, తాడేపల్లిగూడెంలో ఉన్న ఆడపడుచు చెప్పినా అంతే. వినేవాళ్ళు అయ్యో అంటారు, కాఫీ తాగి వెళ్ళిపోతారు. నేను మాత్రం ఒప్పుకోను. తీతువు చావుని చూసి అరవదు. మనిషిని చూసి అరుస్తుంది.

గణపవరం దాటాక కొల్లేటి వైపు మావారు చేపల చెరువు కౌలుకి తీసుకున్న ఏడు అది. వేసవిలో నేనూ అత్తగారూ గట్టు మీది రేకుల షెడ్డులోనే ఉన్నాం. తీతువంటే అందరికీ గొంతే తెలుసు. ఏలూరు కాలేజీలో జువాలజీ చదివిన నేను కూడా అదేదో గుడ్లగూబ జాతి అనుకునేదాన్ని. పగటి వెలుగులో చూస్తే కోడిపెట్ట కంటే చిన్న పిట్ట. పసుపుపచ్చ పొడుగు కాళ్ళు, మట్టిరంగు వీపు, నల్లటి మెడ, కళ్ళ ముందు ఎర్రటి కండ. నాలుగడుగులు గబగబా పరిగెత్తి ఆగుతుంది, వంగి బురదలో పురుగుని ఏరుకుంటుంది. చెట్టెక్కదు. గట్టు మీదే చిన్న గుంట చేసి, గులకరాళ్ళు పేర్చి, మధ్యలో మచ్చల గుడ్లు పెడుతుంది. కాలి కింద పడేదాకా అవి మనకి కనబడవు. అందుకే దానికి అంత గొంతు.

గేదె వస్తే గుడ్ల ముందు నిలబడి రెక్కలు విప్పేది. కుక్క వస్తే మీదికి దూకేది. మావారు మేత బస్తాతో పక్కనించి వెళ్తే ఊరికే తల తిప్పి చూసేది, అలవాటైపోయారు కాబట్టి. కొత్త మనిషి వస్తే మాత్రం దూరంనించే లేచి, వాడి నెత్తి మీదే తిరుగుతూ, వాడు వెళ్ళేదాకా అరిచేది.

అప్పట్లో పక్క చెరువు వాళ్ళతో నీళ్ళ దగ్గర తగాదా నడుస్తోంది. ఒకాయన షెడ్డు దాకా వచ్చి, "మీవారు గట్టు మీద ఒంటరిగా తిరుగుతున్నారు, జాగ్రత్తండీ," అని చెప్పి వెళ్ళాడు. మా వైపు బెదిరింపుకి కూడా అండీ తగిలిస్తారు. ఆ రోజునించీ నాకు అన్నం సయించలేదు.

ఆ మధ్యాహ్నం మావారు అవతలి గట్టుకి వెళ్ళారు. కాసేపటికి పిట్ట లేచింది.

"లోపలికి రా అమ్మాయ్, తలుపెయ్యి," అన్నారు అత్తగారు. తీతువు అరుస్తుంటే మావాళ్ళు గడప దాటరు. దానికి మొహం చూపిస్తే చావు మనింటికే వస్తుందట.

"ఎవరో వచ్చారండీ. చూసొస్తాను."

"ఎవరొచ్చారో నాకు తెలుసు. కూర్చో."

"యముడికి ఇక్కడేం పనండీ? మేత వెయ్యడానికొచ్చాడా?"

"నీ నోటికి మందు లేదు," అంటూ ఆవిడ తలుపుకి వీపానించి కూర్చున్నారు. ఆ వయసు మనిషిని ఈడ్చి పక్కన పెట్టి ఎలా వెళ్ళను?

కూర్చుని విన్నాను. అరుపు బయటివాళ్ళు మా గట్టెక్కే కాలవ వైపునించి మొదలైంది. గట్టు వెంట మెల్లిగా అవతలికి నడిచింది. అక్కడ ఇద్దరు మాట్లాడుకునేంతసేపు ఒకేచోట తిరిగింది. తరవాత అదే దారిన, ఈసారి పరుగులాంటి వేగంతో, కాలవ వైపుకి వెనక్కి పోయింది. ఆగిపోయింది. ఆగాక వేసిన భయం అరుస్తున్నప్పుడు వెయ్యలేదు.

ఆవిడ లేచారు. నేను పరిగెత్తాను. మావారు అవతలి గట్టు అంచున, మొహం బురదలో, కాళ్ళు నీళ్ళలో. తల వెనక పగిలింది. ఊపిరుంది.

ఏలూరు ఆసుపత్రిలో కళ్ళు తెరిచి, "కాలు జారింది," అన్నారు.

"బోర్లా పడ్డ మనిషికి వెనక దెబ్బెలా తగిలిందండీ?"

"రాయేదో తగిలుంటుంది."

ఆ నల్లమట్టి గట్టు మీద పిట్ట ఏరుకొచ్చిన గులకరాళ్ళు తప్ప రాయనేదే లేదు. ఆ మాటే అన్నాను. "తీతువు అరిచింది కదా, జరగాల్సింది జరిగింది," అని గోడవైపు తిరిగారు. తల్లి నమ్మకాన్ని జీవితమంతా వెక్కిరించిన మనిషి.

ఇంటికొచ్చాక చెరువు తనంతట తానే వదిలేసుకున్నారు. ఇప్పటికీ కాలింగ్ బెల్ మోగితే తలుపు వైపు కాదు, నా వైపు చూస్తారు. ఎవరని నన్ను కనుక్కోమని.

ఏవండీ, ఆ పిట్ట వస్తూ ఒకసారి, పోతూ ఒకసారి ఆ మనిషిని నాకు వినిపించింది. మీరు కళ్ళారా చూశారు. ఎవరండీ అది?