పిన్ని ముక్కు, దొర ఉద్యోగం

మా పిన్ని ముక్కుసూటి మనిషి. పనిలో మాత్రం ఆ ముక్కు ఏనాడూ సూటిగా పోలేదు. గ్యాస్ కంపెనీలో ఆవిడ పని, వీధి కింద గొట్టం ఎక్కడ కారుతోందో దొర అనే కుక్కతో కలిసి వెతకడం. ఆరుబయట వాసన తిన్నగా దారి చూపించదు. గాలి దాన్ని పోగులు పోగులుగా చింపి విసిరేస్తుంది. ఒక పోగు తగిలితే గాలికి ఎదురెళ్ళాలి. అది తప్పిపోతే మళ్ళీ తగిలేదాకా గాలికి అడ్డంగా అటూ ఇటూ తిరగాలి. కుక్కలూ అంతే, రెక్కల పురుగులూ అంతే. చూసేవాళ్ళకి మాత్రం తాగి నడుస్తున్నట్టుంటుంది. ఒకసారి బాబాయే ఆవిణ్ణి అలా చూసి, ఎరగనట్టు పక్క సందులోకి తప్పుకున్నాడు. కంపెనీ ఒక కూత పెట్టె కూడా ఇచ్చింది గానీ, అది గ్యాస్‌ని పసిగట్టి, ఆలోచించుకుని కూసేసరికి గాలి ఇంకో వీధిలో ఉండేది.

వాసన దొరికిన చోట దొర కూర్చుంటాడు. అక్కడ తవ్వుతారు. అదే పద్ధతి.

ఒక ఏడు జబ్బు చేసి దొరకి వాసన తెలియకుండా పోయింది. ఎదురుగా పెట్టిన మాంసం ముక్కని కూడా కళ్ళతో వెతుక్కునేవాడు. పనికిరాని కుక్కని కంపెనీ గోదాములో గొలుసుకి కట్టేస్తుంది, చచ్చేదాకా అదే బతుకు. ఆ మాట తలచుకుంటేనే పిన్నికి అన్నం సయించేది కాదు. అందుకని తనే వాసన పట్టి ఆగేది. తను ఆగగానే కూర్చోవడం వాడికి నేర్పింది. కష్టం ఆవిడది, పేరు దొరది.

ఆ పేరే కొంప ముంచింది. పెద్దాఫీసు నుంచి పెద్దసారు దిగి, ఇంత గొప్ప కుక్కని తనతో తీసుకెళ్తానన్నాడు. ఇక దాచలేక పిన్ని నిజం చెప్పేసింది.

"వాడికి వాసన తెలీదు సార్. వెతికేది నేనే."

"కుక్కని వదల్లేక ఎన్ని కథలైనా చెబుతారమ్మా" అని ఆయన నవ్వి, వాడి పనితనం చూడ్డానికి తాడు తనే పట్టుకుని వీధిలోకి బయల్దేరాడు. తవ్వేవాళ్ళు వెనకాలే నడిచారు, వాళ్ళ వెనక పిన్నీ నేనూ.

మలుపులో ఆయన బూటు తాడు కట్టుకోవడానికి ఆగాడు. దొర కూర్చున్నాడు.

"చూశారా" అన్నాడాయన. తవ్వారు. మట్టి తప్ప ఏమీ లేదు. కొంచెం ముందుకెళ్ళాక ఫోన్ మోగితే ఆగాడు. దొర కూర్చున్నాడు. మళ్ళీ తవ్వారు, మళ్ళీ మట్టే. రోడ్డు మీద జనం పోగయ్యారు. మూడోసారి కుక్కని తిట్టడానికే ఆగాడు. దొర ఎంతో వినయంగా కూర్చున్నాడు.

"తవ్వించమంటారా సార్?" అంది పిన్ని.

"ఈ కుక్క మళ్ళీ నా కంటపడకూడదు" అని అరిచి, తాడు ఆవిడ మీదికి విసిరేశాడు. ఆర్డరు ఆర్డరే కదా. ఆ సాయంత్రమే దొరని ఇంటికి తెచ్చేసుకుంది. గొలుసు గండం తప్పిందని దారి పొడుగునా ఏడుస్తూనే ఉంది, నేనూ ఏడ్చాను.

ఇప్పుడు ఆవిడ ఒక్కతే, కూత పెట్టె చంకలో పెట్టుకుని వీధుల్లో వంకర్లు తిరుగుతోంది. ఇంట్లో బాబాయి టీవీ ముందు ఆగినా, అద్దం ముందు ఆగినా దొర కూర్చుంటాడు. "వీణ్ణి నమ్మితే ఇల్లంతా తవ్వాలి" అని ఆయన గొణుగుతాడు. పిన్ని పనినుంచి రాగానే, అవసరం లేకపోయినా గడపలో ఆగుతుంది. వాడు పరుగెత్తుకొచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంటాడు.

"దొరికిందా నాన్నా?" అంటుంది.