అచ్చియ్యమ్మత్త తిప్పిన గుడ్లు

మా మేనత్త అచ్చియ్యమ్మ పొదగేసిన గుడ్డు మురగదని చోడవరంలో మా వీధంతా చెప్పుకుంటారు. ఉరుమొస్తే చాలు, గుడ్లు చెడిపోకుండా గంపలో బొగ్గుముక్కా ఇనపమేకూ పడాల్సిందే. అమ్మానాన్నా లేని నన్ను ఆ కోళ్లమీదే ఎమ్మెస్సీ దాకా లాక్కొచ్చింది. ఇక్కడే కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ నేను పీహెచ్‌డీలో దిగితే, దానికీ గుడ్లు ఆవిడవే.

కోడిపిల్లకి రెక్క ఎలా మొలుస్తాదో చూడ్డం నా పని. పొదుగులో ఉన్న గుడ్డు పైపెంకుకి చిన్న కిటికీ కొయ్యాలి. లోపల పిల్లకి రెక్క రావలసినచోట ఆవగింజంత బొడిపె ఉంటాది. ఇంకో పిల్ల బొడిపె వెనక అంచు ముక్క తెచ్చి, దీని ముందంచున అతికించాలి. అతుక్కుందా, రెక్క చివర వేళ్లు అద్దంలో చూసినట్టు జంటగా మొలుస్తాయి. కిటికీకి టేపేసేక ఆ గుడ్డుని ఇంక తిప్పకూడదు. తిప్పితే లోపలిదంతా టేపుకి తగిలి పిల్ల చచ్చిపోతాది.

ఇదే నా ఆఖరి విడత. రేపు గైడు సార్‌కి వేళ్లు చూపించకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. నాకేమో పరీక్షల డ్యూటీ పడింది, గుడ్లు పొదిగే మెషీనేమో ఇంట్లో ఉంది. "అత్తా, మెషీను ముట్టుకోకే" అని రోజూ చెప్పే వెళ్లేదాన్ని.

ఈ సాయంత్రం వచ్చి మెషీను తలుపు తీసేను. టేపుల కింద సొన కారి గట్టిపడిపోయింది. ఒక్కో గుడ్డూ దీపానికి పట్టి చూసేను. ఒక్కదాన్లోనూ కదలిక లేదు.

"అత్తా! ఏటి చేసేవ్?"

"తిప్పేనే. పెట్టయితే ముక్కుతో తిప్పుకుంటాది. ఈ డబ్బాకి ముక్కేదీ? ఒకే పక్కనుంటే పిల్ల పెంకుకి అంటుకుపోదూ? నువ్వొద్దన్నా మనసాగలేదే గుంటా."

నాకసలే కోపం ముక్కుమీదుంటాది. కానీ ఏటని తిట్టను? లోకంలో ఏ గుడ్డుకైనా ఆవిడన్నది నిజమే, నా గుడ్లకి తప్ప. కూలబడి భోరుమన్నాను.

తిప్పబట్టే పిల్లలు చచ్చిపోయేయని ఆ ఏడుపులోనే చెప్పేను. అత్త గబగబా దొడ్లోకెళ్లి కొంగులో వెచ్చటి గుడ్లు పట్టుకొచ్చింది.

"ఇవి పెట్టే తల్లీ. ఈసారి ముట్టుకోను, నీమీదొట్టు."

రేపటితో అంతా అయిపోతాదని అత్తకి తెలీదు. గుడ్లు తీసుకుని మెషీన్లో పెట్టేను. అత్త దానికి దూరంగా, గోడవార కూర్చుంది, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని.