కరెంటు పోయి వచ్చాక

కొత్త కీబోర్డు కొనివ్వమని మా అమ్మాయి వారం రోజులుగా ఒకటే గోల. ఇప్పుడున్నదానికి బటన్లు చాలడం లేదట. ఆ మాట వింటే నాకు మా హార్మోనియం అయ్యవారు గుర్తొచ్చారు.

తొంభైల్లో మదనపల్లెలో హార్మోనియం నేర్చుకున్నవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? అరిగి పసుపెక్కిన మెట్లు, తిత్తి లాగితే వచ్చే పాత తోలు వాసన గుర్తున్నాయా? మా అయ్యవారు రోజూ అదే మాట అనేవారు: "అన్ని శృతుల్లో సాధకం సెయ్యి పాపా. సేతి యేళ్లకు అలవాటు కావల్ల."

నేను వినలేదు. ఏడ్చి కీబోర్డు కొనిపించుకున్నాను. నాన్న దాన్ని దుప్పట్లో చుట్టి, బెంగళూరు నుంచి మదనపల్లె దాకా బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. దానికి శృతి మార్చే బటన్ ఉంది. ఎవరు ఏ శృతిలో పాడినా అది నొక్కి, నాకు వచ్చిన మెట్ల మీదే వాయించేయొచ్చు. సాధకం అటకెక్కింది.

ఒకసారి పుంగనూరులో పెద్దమ్మ వాళ్లింట్లో భజన, పెద్దమ్మ పాటకు నా కీబోర్డు. అయ్యవారూ వచ్చారు. పాట మధ్యలో కరెంటు పోయి, వెంటనే వచ్చింది. నేను బటన్ నొక్కి మార్చుకున్న శృతి మళ్లీ మొదటికొచ్చేసింది. పెద్దమ్మ గొంతు ఒక దారి, నా కీబోర్డు ఒక దారి.

"యాల పాపా, ఏమాయె?" అంది పెద్దమ్మ.

ఎన్నిసార్లు నొక్కాలో గుర్తురాలేదు. అందరూ నన్నే చూస్తున్నారు. అయ్యవారు మాత్రం తల దించుకున్నారు.

ఇందాక మా అమ్మాయి తన కీబోర్డు మీద శృతి మార్చే బటనే నొక్కి వాయిస్తోంది. నేను వెళ్లి ప్లగ్గు పీకి మళ్లీ పెట్టాను.

"ఇప్పుడు వాయించమ్మా" అన్నాను.

ఆ బటన్ మీద మాత్రం నా అరచెయ్యి అడ్డం పెట్టాను.